ఐదో వారం నొప్పికి రెండు లైన్ల జవాబు చాలదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో ఒక అమ్మాయి ప్రశ్న వేశారు. గర్భానికి ఐదో వారమట. పొత్తికడుపులో సన్నగా నొప్పి వచ్చి పోతోందట. గర్భసంచిలో కాక దాని పక్కనుండే ట్యూబులో గర్భమేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని రాసింది. మీరిచ్చిన జవాబు రెండంటే రెండు లైన్లు: తొలి వారాల్లో తేలికపాటి నొప్పి మామూలే, ఆందోళన వద్దు, అవసరమైతే డాక్టర్ని కలవండి. అందులో తప్పేమీ లేదు. అవసరం ఎప్పుడు పడుతుందో మాత్రం రాయలేదు. ఆ రాయని భాగం కోసమే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గోల కత్తిరించండి, వారాల లెక్క మాత్రం ఉంచండి.

నేను డాక్టర్ని కాను, నర్సునూ కాను. బెంగళూరులో రామమూర్తి నగర్ వైపు ఒక స్కానింగ్ సెంటర్లో ఫ్రంట్ డెస్కులో ఉద్యోగం. పుట్టిల్లు పలమనేరు దగ్గర పల్లె. టోకెన్ ఇవ్వడం, బిల్లు కొట్టడం, గర్భిణి అయితే ఫారం ఎఫ్ నింపించి సంతకం తీసుకోవడం నా పని. మా చుట్టుపక్కల కుప్పం, మదనపల్లె, హిందూపురం, అనంతపురం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు బోలెడంత మంది. కన్నడ సరిగా రానివాళ్ళు ఎవరొచ్చినా నా కౌంటర్‌కే పంపుతారు. అందుకని డాక్టర్ దగ్గర చెప్పడానికి మొహమాటపడే మాటలు ముందు నా చెవిన పడతాయి. "అక్కా, ఈడ పీకినట్లుగా ఉంది, ఏమన్నా అయితాదా?" అని గొంతు తగ్గించి అడుగుతారు. నేను కింద రాసేవన్నీ మా సోనాలజిస్ట్ (స్కాన్ తీసి చూసే డాక్టర్) మేడమ్ దగ్గర విని విని, రిపోర్టులు చూసి చూసి తెలుసుకున్నవే. ఈ ఉత్తరం కూడా ఆమెకు చూపించాకే పోస్టు చేస్తున్నాను.

ఫారం ఎఫ్ గురించి ఒక మాట. కడుపులో ఉన్నది ఆడో మగో చూడకూడదని 1994లో వచ్చిన చట్టం కింద, గర్భిణికి ఏ స్కాన్ చేసినా ఈ ఫారం నింపి తీరాలి. స్కాన్ ఎందుకు చేస్తున్నారో చెప్పడానికి అందులో కారణాల పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికలో మొట్టమొదటి కారణమే ఇది: గర్భం గర్భసంచి లోపల ఉందా, బయట ఉందా, నిలిచి ఉందా చూడటానికి. ప్రభుత్వ ఫారంలో మొదటి నంబరు వేసిన ప్రశ్నని మన ఇళ్ళల్లో ఎవరూ మొదట అడగరు. నొప్పి ఎంత ఉంది, ఓర్చుకోగలవా, పని చేసుకోగలవా, ఇవే అడుగుతారు. మీ జవాబు కూడా ఆ దారినే పోయింది. నా గొడవంతా ఇక్కడే. ఐదారు వారాల్లో నొప్పి ఎంతన్నది పెద్దగా ఏమీ చెప్పదు. గర్భం ఎక్కడ కూర్చుందో తేలాలి, అది స్కాన్‌లోనే తేలాలి.

ముందు ధైర్యం చెప్పే సంగతి చెప్తాను, ఎక్కువమంది విషయంలో అదే నిజం కాబట్టి. 100 గర్భాల్లో బయట నిలిచేవి 1 లేదా 2. మిగతా వాళ్ళలోనూ చాలామందికి మొదట్లో నొప్పి ఉంటుంది. గర్భసంచి సాగడం మొదలవుతుంది, దానికి రక్తం ఎక్కువగా చేరుతుంది, నెలసరి రాబోతున్నట్టు లాగుతుంది. అండం విడుదలైన వైపు అండాశయం మీద చిన్న నీటి బుడగ లాంటిది ఏర్పడుతుంది. మాయ తయారయ్యేదాకా గర్భాన్ని నిలబెట్టే హార్మోను దాన్నుంచే వస్తుంది. దానివల్ల ఆ వైపు మందంగా నొప్పి ఉండొచ్చు, అంటే ఒక వైపు నొప్పి వచ్చిన ప్రతి మనిషికీ ట్యూబులోనే ఉందని భయపడనక్కర్లేదు. అదే హార్మోను పేగుల్ని నెమ్మదిగా కదిలేలా చేస్తుంది, దాంతో గ్యాస్, మలబద్ధకం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పొత్తికడుపు నొస్తుంది. తొలి మూడు నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ఎంతో కొంత మరకలు కనిపిస్తాయి, వాళ్ళలో ఎంతోమంది నిండు నెలలకి పండంటి బిడ్డని కంటున్నారు.

చిక్కెక్కడంటే, ట్యూబులో గర్భం నిలిచినా మొదట్లో అంతా ఇలాగే ఉంటుంది. నెల తప్పుతుంది. కిట్‌లో రెండు గీతలు వస్తాయి, ఎందుకంటే కిట్ చూసేది మూత్రంలో హెచ్‌సీజీ అనే వేరే హార్మోను ఉందా లేదా అని, ఆ హార్మోను ఎక్కణ్ణుంచి వస్తోందో దానికి తెలీదు. వేవిళ్ళు ఉంటాయి. నొప్పి సన్నగా ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. మామూలుగా అయితే పిండం ట్యూబులోంచి నాలుగైదు రోజుల్లో గర్భసంచిలోకి జారుతుంది. ట్యూబుకి ఎప్పుడో ఇన్ఫెక్షన్ సోకి ఉన్నా, గర్భసంచి టీబీ వచ్చి ఉన్నా, ముందు ఆపరేషన్ ఏదైనా అయి లోపల అతుక్కుపోయి ఉన్నా మధ్యలో చిక్కుకుంటుంది. అయితే ఈ కారణాలేవీ లేనివాళ్ళు సగం దాకా ఉంటారు. కాబట్టి "నాకు అలాంటివేం లేవు కదా" అని నిబ్బరంగా కూర్చోడానికీ లేదు. పెన్సిల్ కంటే సన్నటి గొట్టం అది, గర్భసంచిలా సాగదు. పెరిగే పిండానికి చోటు చాలక ఎక్కువగా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చిట్లుతుంది. చిట్లాక రక్తం కడుపులోకి కారుతుంది. బయటికి నాలుగు చుక్కలే కనిపించినా లోపల లీటరు పోయి ఉండొచ్చు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. మహదేవపుర వైపు నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ జంటలు మరీ ముందొస్తారు. పొద్దున కిట్‌లో గీత కనబడితే సాయంత్రానికి స్కాన్‌కి హాజరు. లెక్క వేస్తే నాలుగు వారాల మూడు రోజులు. అప్పుడు స్కాన్‌లో ఏముంటుంది? ఏమీ ఉండదు. "గర్భసంచిలో శాక్ కనబడలేదు, గర్భం ఎక్కడుందో ఇప్పుడే చెప్పలేం, బీటా హెచ్‌సీజీతో సరిచూడాలి" అని రిపోర్టు టైపవుతుంది. శాక్ అంటే పిండం పెరిగే తిత్తి, బీటా హెచ్‌సీజీ అంటే కిట్ చూసే హార్మోనే రక్తంలో ఎంతుందో కొలిచే పరీక్ష. రిపోర్టు చేతికందిన రెండు నిమిషాలకి భర్త ఫోనులో వెతకడం మొదలుపెడతాడు. వెయిటింగ్ కుర్చీలో కూర్చునే ఇద్దరి మొహాలూ పాలిపోతాయి. మరుసటి రోజు ఇంకో సెంటర్లో స్కాన్, ఆ పైరోజు మళ్ళీ మా దగ్గర. నాకు బిల్లు కొట్టడానికి మనసొప్పదు, కానీ వాళ్ళు వినరు. గుంటూరు అబ్బాయి ఒకాయన రక్తపరీక్ష నంబర్లన్నీ ఎక్సెల్‌లో గ్రాఫ్ గీసుకొచ్చాడు. భార్య పక్కన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ గ్రాఫ్ బాగానే ఉందని చెప్పడానికి మా మేడమ్‌కి పావుగంట పట్టింది.

వీళ్ళకి చెప్పాల్సింది వారాల లెక్క. లెక్క మొదలయ్యేది ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు అయిపోయినట్టు. యోని లోపలి నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌లో ఐదు వారాలకి కాస్త అటూ ఇటూగా శాక్ కనబడుతుంది, ఐదున్నరకి దాని లోపల యోక్ శాక్ (పిండానికి మొదట్లో పోషణనిచ్చే చిన్న తిత్తి), ఆరు వారాల ప్రాంతంలో గుండె కొట్టుకోవడం. పొట్ట మీద చేసే స్కాన్‌లో ఇవన్నీ ఓ వారం ఆలస్యంగా తెలుస్తాయి. నెలసరి సరిగా రానివాళ్ళకి ఈ లెక్క వారం, పది రోజులు అటూ ఇటూ జరుగుతుంది. అందుకే ఇతర ఇబ్బందులేవీ లేనివాళ్ళు ఆరు, ఏడు వారాల మధ్య వస్తే ఒక్క స్కాన్‌తో సంగతి తేలిపోతుంది. ముందే వచ్చి ఏమీ కనబడలేదంటే దాని అర్థం ట్యూబులో ఉందని కాదు. మరీ తొందరగా వచ్చి ఉండొచ్చు, గర్భం నిలవకపోయి ఉండొచ్చు, బయట ఉండొచ్చు. ఇలాంటి రిపోర్టు వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి చివరికి ట్యూబు గర్భం కాదనే తేలుతుంది. కానీ తేలేదాకా వదిలేయకూడదు. 48 గంటల తేడాతో రెండుసార్లు బీటా హెచ్‌సీజీ చేయిస్తారు. మొదటి నంబరు 1,500 లోపు ఉంటే రెండో దానికి కనీసం సగమైనా పెరగాలి. అంతకన్నా నెమ్మదిగా పెరిగితే అనుమానించాలి. పెరిగినా సరే, స్కాన్‌లో గర్భం లోపల కనబడేదాకా నిశ్చింత లేదు. 3,500 దాటినా గర్భసంచి ఖాళీగానే ఉంటే గట్టిగా అనుమానించాలి. రెండు పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించండి, ల్యాబు మారితే నంబర్లు పోల్చడం కష్టం. ఆఫర్ ఉందని రెండోసారి వేరే చోట చేయించుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో రకం వాళ్ళు ఆలస్యంగా వస్తారు. గార్మెంట్స్‌కి పోయే అమ్మాయిలు, ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు, అపార్ట్‌మెంట్ కట్టే చోట కూలికి పోయేవాళ్ళు. సెలవు పెడితే జీతం పోతుంది. నొప్పి వస్తే వాము నీళ్ళు తాగుతారు, మజ్జిగలో ఇంగువ వేసుకుంటారు, మెడికల్ షాపులో గ్యాస్ బిళ్ళ అడుగుతారు. వాళ్ళకి మీలాంటి పేపర్లో "తేలికపాటి నొప్పి మామూలే" అని ఎవరో చదివి వినిపిస్తే ఇంకో వారం వాయిదా వేయడానికి అంతకన్నా ఏం కావాలి?

వీళ్ళలో మన తెలుగువాళ్ళకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది, దీని గురించి ఏ పేపరూ రాయగా నేను చూడలేదు. ఆడవాళ్ళకి కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ దేశంలో బాగా ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాతికేళ్ళ లోపే ఇద్దరు పిల్లలు, వెంటనే ఆపరేషన్, అక్కడితో ఆ చింత తీరిపోయిందనుకుంటారు. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం చాలా అరుదు, నిజమే. కానీ వస్తే మూడింట ఒక వంతు దాకా అది ట్యూబులోనే ఉంటుంది.

అలాంటావిడ ఒకామె మా దగ్గరికి వచ్చింది. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు దాటాయి, బడికి పోయే పిల్లలిద్దరు. చేతిలో వీధి చివర క్లినిక్ చీటీ, కడుపు స్కాన్, గ్యాస్ట్రిక్ అనుమానం అని. ఆ వయసు ఆడవాళ్ళు ఏ స్కాన్‌కి వచ్చినా ఆఖరి నెలసరి తేదీ అడగడం మా దగ్గర రూలు. అడిగితే నవ్వింది. "నాకు ఆపరేషన్ అయింది గదక్కా, చిన్నోడు పుట్టినప్పుడే" అంది. నెల తప్పి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. ఆ నవ్వేటప్పుడు కూడా కుడి చెయ్యి పొట్ట మీదనుంచి తియ్యలేదు, నుదుటి మీద చెమట. ఏసీ కింద కూర్చుని చెమట పడుతోంది. మేడమ్‌కి చెప్తే ముందు కిట్ చేయమన్నారు. బాత్రూం బయట చిన్న బల్ల మీద పెట్టి చూస్తుండగా రెండో గీత మెల్లగా తేలింది. ఆమె నావైపు చూసింది, నేను ఆమె వైపు చూడలేకపోయాను. స్కాన్‌లో గర్భసంచి ఖాళీ, కడుపులో ద్రవం. ఆ ద్రవం రక్తమని మేడమ్ గొంతు విని నాకు అర్థమైంది. అరగంటలో పెద్దాస్పత్రి ఆపరేషన్ థియేటర్లో ఉంది. బతికింది. తర్వాత రిపోర్టు కాపీ కోసం వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, ఊళ్ళో ఆపరేషన్ చేసినప్పుడు ఈ మాట ఎవరూ ఎందుకు చెప్పలేదని.

కాబట్టి నొప్పి గురించి రాసేటప్పుడు ఇవి విడమరిచి రాయండి. నొప్పి వచ్చి పోకుండా పట్టుకుని ఉన్నా, ఒక వైపే పెరుగుతున్నా, మరకలతో కలిసి వస్తున్నా ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోవాలి, ఆరో వారం దాకా ఆగనక్కర్లేదు. ఉన్నట్టుండి పోటు పొడిచినట్టు నొప్పి, కళ్ళు తిరగడం, చెమటలు, గుండె దడ, ఇవి వస్తే ఇక స్కాన్ గురించి ఆలోచించకూడదు, ఆస్పత్రికి పోవాలి. భుజం కొసన నొప్పి కూడా అంతే. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే పొరని తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. బరువు ఎత్తానేమో, పక్క తేడాగా పడుకున్నానేమో అనుకుని జండూబామ్ రాసుకుంటారు. విరేచనం వస్తున్నట్టు అనిపించి బాత్రూంకి పోయి అక్కడే కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళూ ఉన్నారు, అది కూడా లోపల రక్తం కిందికి చేరి నొక్కడం వల్లే. ఆపరేషన్ అయినవాళ్ళు, కాపర్-టీ ఉన్నవాళ్ళు, ఇంతకు ముందు ఒకసారి ట్యూబులో వచ్చినవాళ్ళు నెల తప్పి కిట్‌లో గీత వచ్చిందంటే నొప్పి కోసం ఎదురుచూడకుండా వెంటనే వెళ్ళాలి.

ఎక్కడికి పోవాలన్నది ఇంకా ముఖ్యం. స్కానింగ్ సెంటర్ దగ్గరలో ఉంది కదా అని స్పృహ తప్పుతున్న మనిషిని ఆటోలో మా మెట్ల దగ్గర దింపుతారు. మా దగ్గర ఒక మెషిను, ఒక మంచం, వీల్‌చైర్ ఒకటి ఉన్నాయి. థియేటర్ లేదు, మత్తు డాక్టర్ లేరు, రక్తం లేదు. మళ్ళీ ఆటో ఎక్కించి పంపడంలో పోయేది ఆమె ప్రాణం మీది టైమే. ఆపరేషన్, రక్తం రెండూ ఉన్న ఆస్పత్రికి నేరుగా పోవాలి. 108కి ఫోన్ చేస్తే కర్ణాటకలోనూ అంబులెన్స్ ఉచితమే. డబ్బులు లేవని ఆగేవాళ్ళకి కె.ఆర్. మార్కెట్ దగ్గర విక్టోరియా ఆస్పత్రి పక్కనే వాణీ విలాస్ ఉంది, ఆడవాళ్ళకి, పిల్లలకి ప్రభుత్వ ఆస్పత్రి. దారిలో నీరసంగా ఉందని కొబ్బరినీళ్ళు, బన్ను పెట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ముందే చెప్పండి, దానికి వేరే ఇంజెక్షన్ అవసరం కావచ్చు.

టీవీఎస్ అనగానే వెనక్కి తగ్గేవాళ్ళ కోసం కూడా రెండు ముక్కలు. లోపల పెట్టి చేస్తే బిడ్డ కదిలిపోతుందని అత్తగార్లు ఒప్పుకోరు. ఏమీ కదలదు. లోపల పెట్టే ప్రోబ్ మీద ప్రతి మనిషికీ కొత్త కాండమ్ తొడిగి, జెల్ రాసి చేస్తారు. అది గర్భసంచి లోపలికి పోదు, కిందనే ఆగుతుంది. పొట్ట మీద స్కాన్‌కి మూత్రం నిండుగా ఉండాలి, దీనికి ఖాళీగా ఉండాలి. లీటరు నీళ్ళు తాగి బిగపట్టుకుని కూర్చున్న మనిషిని బాత్రూంకి పోయి రమ్మంటే నన్ను తిట్టుకున్నవాళ్ళు ఎంతమందో! మగ డాక్టర్ ఉంటే లేడీ అటెండర్ గదిలో ఉండాలని అడగండి, అడిగే హక్కు మీది. పెళ్ళికాని అమ్మాయిలు వస్తే మా కౌంటర్ దగ్గర అందరూ తలలు తిప్పి చూస్తారు, దానికి మందు నా దగ్గర లేదు. ఫారంలో భర్త పేరు రాసే చోటే తండ్రి పేరు రాసే వీలు కూడా ఉందని మాత్రం చెప్తాను.

ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళు "నేరుగా గర్భసంచిలోనే పెట్టారు కదా, ట్యూబులోకి ఎలా పోతుంది?" అంటారు. పోతుంది. ఐవీఎఫ్‌తో నిలిచిందని 1976లో ఇంగ్లాండ్ డాక్టర్లు ప్రకటించిన గర్భం ట్యూబులోనే నిలిచిందని మా మేడమ్ చెప్పారు. ఐవీఎఫ్‌తో పుట్టిన మొదటి బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టింది ఆ తర్వాత, 1978లో.

ముందే కనుక్కుంటే ఏం లాభమని అడుగుతారు, ఎలాగూ బిడ్డ దక్కదు కదా అని. దక్కదు, అక్కణ్ణుంచి తీసి గర్భసంచిలో పెట్టే వైద్యం ఇంకా రాలేదు. కానీ చిట్లకముందే తెలిస్తే, బీటా హెచ్‌సీజీ నంబర్లు తక్కువగా ఉంటే, చాలామందికి కోత లేకుండా మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో సరిపోతుంది. ఇంజెక్షన్ తర్వాత నాలుగో రోజు, ఏడో రోజు రక్తపరీక్ష తప్పనిసరి, నంబరు తగ్గి సున్నాకి వచ్చేదాకా పరీక్షలు మానకూడదు. నొప్పి తగ్గిందని మానేసి ఊరికి వెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు. అంతకు ముందు వాడుతున్న ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు ఆపేయాలి, అవి ఆ మందుకి అడ్డు. మళ్ళీ గర్భం కోసం మామూలుగా మూడు నెలలు ఆగమంటారు. ఆలస్యమైతే ఆపరేషన్ చేసి ఎక్కువగా ఆ ట్యూబు తీసేయాల్సి వస్తుంది. రెండోది బాగుంటే దానితోనే తర్వాత పిల్లల్ని కన్నవాళ్ళు మా దగ్గరికి ఐదో నెల స్కాన్‌కి మళ్ళీ వస్తుంటారు. అయితే ఒకసారి వచ్చినవాళ్ళలో దాదాపు 10 మందిలో ఒకరికి మళ్ళీ వచ్చే అవకాశం ఉంది, అందుకని వాళ్ళు తర్వాతి గర్భంలో మొదటి నుంచీ డాక్టర్ కళ్ళ ముందే ఉండాలి.

ఇక నిందలు. స్కూటీ మీద తిరిగింది, నీళ్ళ క్యాన్ ఎత్తింది, బొప్పాయి తింది, ఊరి నుంచి బస్సులో వచ్చింది. ఆపరేషన్ అయి పడుకున్న పిల్ల మంచం పక్కనే నిలబడి ఈ మాటలు అంటారని ఆ పిల్లలే వచ్చి చెప్తారు. వీటిలో ఒక్కటీ కారణం కాదని పెద్దక్షరాలతో వేయండి.

మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆచారం గురించి కూడా రాయాలి. దిష్టి ఉందా లేదా అని నేను వాదించను, మా అమ్మ కూడా అలాగే చేసింది, చుట్టాలందరికీ చాటింపు వేయమని నేనూ అనను. కానీ ఊళ్ళో అయితే చెప్పకపోయినా పక్కింటి పెద్దమ్మ మొహం చూసి పసిగట్టేది. ఇక్కడ మూడో అంతస్తులో తాళం వేసుకుని ఒక్కతే ఉంటుంది, మొగుడు నైట్ షిఫ్ట్, పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు కూడా తెలీదు. కళ్ళు తిరిగి పడితే తలుపు తీసేదెవరు? అదే బిల్డింగులో ఒక్క మనిషికి చెప్పి, ఒక తాళం చెవి ఇచ్చి పెట్టుకోమంటాను. నేను చెప్తే కొందరు వింటారు, కొందరు "అత్తమ్మ ఒప్పుకోదక్కా" అంటారు.

ప్రభుత్వానికీ ఈ మొదటి వారాలు పట్టినట్టు లేవు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకి ఉచిత పరీక్షలని 2016లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం మంచిదే, కానీ అది మూడు నెలలు దాటినవాళ్ళ కోసం. ఇక్కడ గర్భిణులకి ప్రభుత్వం ఇచ్చే తాయి కార్డు చేతికొచ్చేసరికి చాలామందికి ఈ ప్రమాదం గడిచే పోయి ఉంటుంది, లేదా జరిగే పోయి ఉంటుంది. ఆరు వారాలకీ తొమ్మిదో తేదీకీ పొత్తు కుదరదు. ఆశా వర్కర్లు కు.ని. ఆపరేషన్ అయినవాళ్ళ ఇళ్ళకీ పోయి "నెల తప్పితే ఊరుకోవద్దు" అని ఒక్క మాట చెప్పేలా చేస్తే పైసా ఖర్చు లేదు.

మిమ్మల్ని అడిగేది చిన్నదే. ఇలాంటి ప్రశ్న మళ్ళీ వచ్చినప్పుడు మీ డాక్టర్ గారు జవాబు రాసేముందు ఆ అమ్మాయికి ఎన్ని వారాలో లెక్క కట్టి, గర్భం లోపలే ఉందని స్కాన్‌లో చూశారా లేదా అని అడగమనండి. చూడలేదంటే ఫలానా వారం నుంచి ఫలానా వారం లోపల చూపించుకో, ఈ లోపు ఇవి కనబడితే పరుగెత్తు అని రాయమనండి. పక్కన పొట్ట పట్టుకుని నవ్వే తెల్లమ్మాయి ఫోటో వేసే జాగాలోనే ఇదంతా పడుతుంది. వారాల లెక్క, ప్రమాద సూచనలు ఒక డబ్బాలో కట్టి వేస్తే కత్తిరించి మా కౌంటర్ పక్కన అతికిస్తాను. లింగ నిర్ధారణ చేయబోమన్న బోర్డు మా దగ్గర కన్నడంలో, ఇంగ్లీషులో ఉంది, తెలుగులో గోడ మీద ఏదీ లేదు. మా ఓనర్‌ని అడిగాను, సరేనన్నారు. అక్షరాలు కాస్త పెద్దవి వేయండి, కుర్చీల్లో కూర్చున్నచోటి నుంచే చదివేలా.

ఇట్లు,
ఒక స్కానింగ్ సెంటర్ ఉద్యోగిని,
రామమూర్తి నగర్, బెంగళూరు
(పేరు వేయవద్దని మనవి)